స్ప్రైట్ రిప్పింగ్

స్ప్రైట్ రిప్పింగ్ అనగా పాత వీడియో ఆటలలోని పాత్రలు, వస్తువులు, ఆయుధాలు మొదలైన వాటి చిన్న బొమ్మలను ఆట నుండి ఉన్నవి ఉన్నట్లుగా వెలికితీసి, విడి చిత్రాలుగా భద్రపరచే ప్రక్రియ. ఈ పని చేసేవారిని రిప్పర్లు అంటారు. ఒక పాత్రకు చెందిన భంగిమలన్నీ వరుసగా పేర్చిన చిత్రాన్ని స్ప్రైట్ షీట్ అంటారు. ఆటల రూపకల్పన నేర్చుకొనే విద్యార్థులు, పిక్సెల్ చిత్రకారులు, వీడియో ఆటల చరిత్రను భద్రపరచేవారు ఈ షీట్లను ఉపయోగిస్తారు.

ఈ పనికి కావలసిన సాధనాలను కొద్ది రోజులలో నేర్చుకోవచ్చును. కానీ ఏ ఆటను ఎంచుకోవాలి అన్నది అంతకంటే కష్టమైన నిర్ణయం. ఒక ఆటలో వారం రోజులలో ముగిసే పని మరొక ఆటలో నెలలు పట్టవచ్చును. ఇష్టమైన ఆటనే ఎంచుకొన్నవారు చాలాసార్లు ఇతరులు ఇదివరకే పూర్తిచేసిన పనిని మళ్ళీ చేస్తూ ఉంటారు. ఎవరూ ముట్టుకోని ఆటలు మాత్రం అలాగే మిగిలిపోతాయి.

== స్ప్రైట్ అంటే ఏమిటి ==
తెరపై నేపథ్యంతో సంబంధం లేకుండా స్వేచ్ఛగా కదలగలిగే చిన్న బొమ్మను స్ప్రైట్ అంటారు. 1979లో వచ్చిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ వారి టీఎంఎస్ 9918 అనే చిత్ర నియంత్రణ చిప్‌తో ఈ పదం ప్రచారంలోకి వచ్చింది. ఆ చిప్ తెరపై 32 స్ప్రైట్లను చూపగలిగేది. ఒక్కొక్క దానికి ఒకే రంగు ఉండేది.

తరువాతి యంత్రాల సామర్థ్యం క్రమంగా పెరిగింది.
* నింటెండో ఫ్యామికామ్ (1983): 64 స్ప్రైట్లు. ఒక్కొక్కటి 8×8 లేదా 8×16 పిక్సెళ్ళు. పారదర్శక రంగు కాక 3 రంగులు.
* సెగా మెగా డ్రైవ్ (1988): 80 స్ప్రైట్లు. ఒక్కొక్కటి 32×32 పిక్సెళ్ళ వరకు. 15 రంగులు.
* సూపర్ ఫ్యామికామ్ (1990): 128 స్ప్రైట్లు. ఒక్కొక్కటి 64×64 పిక్సెళ్ళ వరకు. 15 రంగులు.

1990లలో భారతదేశంలో "టీవీ గేమ్" పేరుతో అమ్ముడైన యంత్రాలలో అధిక భాగం ఫ్యామికామ్‌కు నకళ్ళు. వాటిలో పెట్టే క్యాట్రిడ్జ్‌ను వాడుకలో "క్యాసెట్" అనేవారు. అందువలన తెలుగువారిలో ఒక తరానికి స్ప్రైట్ అన్న పదం తెలియకపోయినా, మారియో, కాంట్రా ఆటల ద్వారా ఆ బొమ్మలు మాత్రం బాగా తెలుసు.

== వెలికితీసే విధానాలు ==
స్ప్రైట్లను వెలికితీయడానికి ప్రధానంగా రెండు మార్గాలు ఉన్నాయి.

మొదటిది తెర నుండి తీయడం. ఎమ్యులేటర్‌లో ఆటను నడిపిస్తూ, నేపథ్యపు పొరను ఆపివేసి, ప్రతి భంగిమలోనూ తెర చిత్రాన్ని తీసుకొంటారు. ఇది సులభమైనదే కానీ ఆటలో కనిపించిన బొమ్మలు మాత్రమే దొరుకుతాయి. పైగా ఫ్యామికామ్ ఒక అడ్డవరుసలో 8 స్ప్రైట్లను మాత్రమే చూపగలదు. అంతకు మించితే మిగిలినవి కనిపించవు. కాబట్టి ఒకే తెర చిత్రంలో పాత్ర చేయి గానీ కాలు గానీ లోపించే అవకాశం ఉంది.

రెండవది దత్తాంశం నుండి తీయడం. ఆట ఫైలును టైల్ ఎడిటర్ అనే ఉపకరణంలో తెరచి, 8×8 పిక్సెళ్ళ పలకలుగా (టైళ్ళుగా) ఉన్న బొమ్మలను నేరుగా చూస్తారు. ఆటలో ఎన్నడూ వాడని బొమ్మలు కూడా ఇందులో బయటపడవచ్చును. కానీ పలకలు ముక్కలుగా ఉంటాయి. వాటి అసలు రంగులు వేరొక చోట ఉంటాయి. ముక్కలను కూర్చి, రంగులను జతపరచడం రిప్పర్ బాధ్యత.

ఏ మార్గమైనా చిత్రాన్ని పీఎన్‌జీ రూపంలో, అసలు పరిమాణంలో భద్రపరచాలి. జేపెగ్ రూపంలో దాచితే అంచుల వద్ద రంగులు చెదిరి, బొమ్మ పనికిరాకుండా పోతుంది. ఎమ్యులేటర్‌లో బొమ్మను నునుపు చేసే ఫిల్టర్లు కూడా ఆపివేయాలి.

== ఆట ఎంపికలో గమనించవలసిన అంశాలు ==

=== బొమ్మలు దాచిన తీరు ===
ఎంపికలో మొట్టమొదట చూడవలసింది ఇదే. సూపర్ మారియో బ్రదర్స్ (1985) ఆట మొత్తం 40 కిలోబైట్లు. అందులో 8 కిలోబైట్లు బొమ్మలకే ప్రత్యేకించిన చిప్‌లో ఉన్నాయి. టైల్ ఎడిటర్‌లో తెరవగానే అవి కనిపిస్తాయి. స్థలం ఆదా చేయడానికి మేఘానికీ పొదకూ ఒకే పలకలను రంగులు మార్చి వాడిన సంగతి కూడా అక్కడే తెలుస్తుంది. కొత్తగా నేర్చుకొనేవారికి ఇటువంటి ఆట అనువైనది.

కాంట్రా (1988, అమెరికా ప్రతి) ఇందుకు భిన్నం. దానిలో బొమ్మలకు ప్రత్యేక చిప్ లేదు. ప్రోగ్రాముతో పాటు కుదించి ఉంచిన బొమ్మలను ఆట నడిచేటప్పుడు విప్పి, తాత్కాలిక స్మృతిలోకి పంపుతారు. కాబట్టి ఫైలును తెరచినంత మాత్రాన ఏమీ అర్థం కాదు. ఇటువంటి ఆటలకు ఎమ్యులేటర్‌లోని స్మృతిని చూడడమే మార్గం.

ఒకే ఆటలో రెండు పద్ధతులూ ఉండవచ్చును. మెగా డ్రైవ్‌పై వచ్చిన సోనిక్ ద హెడ్జ్‌హాగ్ (1991)లో సోనిక్ బొమ్మలు కుదించకుండా ఉన్నాయి. అతడు వేగంగా కదులుతాడు కనుక ప్రతి భంగిమనూ అప్పటికప్పుడు తెచ్చుకోవలసి వస్తుంది. శత్రువుల బొమ్మలు చాలావరకు కుదించి ఉన్నాయి. నాయకుని బొమ్మలు తేలికగా దొరికినంత మాత్రాన ఆట అంతా తేలిక అనుకోరాదు.

=== స్ప్రైట్లా, త్రిమితీయ నమూనాలా ===
పాత ఆటలన్నిటిలో స్ప్రైట్లు ఉండవు. 2009లో ప్లేస్టేషన్ 2పై వచ్చిన హనుమాన్: బాయ్ వారియర్ హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ తయారీ. అదే సంవత్సరం వచ్చిన దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా కూడా హైదరాబాదుకు చెందిన గేమ్‌శాస్త్ర సంస్థ తయారుచేసినదే. ఇవి త్రిమితీయ ఆటలు. వీటి పాత్రలు బొమ్మలుగా కాక, నమూనాలుగానూ వాటిపై అతికే పూతలుగానూ (టెక్స్చర్లు) ఉంటాయి. తెలుగు నేలపై తయారైన ఆటలన్న మక్కువతో వీటిని ఎంచుకొన్నా, కదిలే పాత్రల స్ప్రైట్ షీట్లు తయారుకావు. వీటిని భద్రపరచడానికి వేరే సాధనాలు, వేరే నైపుణ్యం అవసరం.

=== ఇంతకుముందు జరిగిన పని ===
మారియో, సోనిక్ వంటి ఆటల షీట్లు ఇప్పటికే అనేకం ఉన్నాయి. అయితే ఉన్న షీట్ ప్రతిదీ మంచిది కాదు. కొన్నిటిలో రంగులు తప్పుగా ఉంటాయి. కొన్నిటిలో భంగిమలు లోపిస్తాయి. కొన్ని జేపెగ్ రూపంలో పాడైపోయి ఉంటాయి. పని మొదలుపెట్టే ముందు ఉన్న షీట్‌ను ఆటతో పోల్చి చూడాలి. లోపాలు ఉంటే మళ్ళీ చేయడం సార్థకమే, లేకపోతే వేరొక ఆటను ఎంచుకోవడం మేలు.

=== ఉపయోగం ===
ఒకే ప్రాజెక్టులో రెండు ఆటల బొమ్మలు కలపదలచినపుడు మూడు విషయాలు సరిపోవాలి. అవి చూసే కోణం, పాత్ర ఎత్తు, రంగుల సంఖ్య. పక్క నుండి గీసిన పాత్రను పై నుండి గీసిన నేలపై నిలబెడితే అతకదు.

== ఉదాహరణలు ==

=== ముస్తఫా ఆట ===
భారతదేశంలో "ముస్తఫా" పేరుతో ప్రసిద్ధి పొందిన ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. దీనిని జపాను సంస్థ క్యాప్‌కామ్ 1993లో విడుదల చేసింది. మార్క్ షుల్ట్జ్ గీసిన జెనోజోయిక్ టేల్స్ అనే కామిక్ దీనికి ఆధారం. నాలుగు పాత్రలలో ముస్తఫా ఒకడు. మొదట ఆటల దుకాణాలలోనూ, తరువాత ఎమ్యులేటర్ల ద్వారా కంప్యూటర్లలోనూ ఈ ఆట విరివిగా ఆడబడింది.

రిప్పింగ్ దృష్టితో చూస్తే ఇది మధ్యస్థమైన కష్టం గల ఆట. బొమ్మలు కుదించి లేవు, కానీ అనేక చిప్‌లలో పంచబడి ఉన్నాయి. ఒక్కొక్క పాత్ర అనేక 16×16 పలకల కూర్పు. పలకలను ఎమ్యులేటర్ సరిచేసి చూపుతుంది, కూర్పును మాత్రం రిప్పరే చేయాలి. కాబట్టి నేపథ్యపు పొరను ఆపి తెర నుండి తీయడమే సులభం.

ఇందులో మరొక చిక్కు ఉంది. ఆట తెర 384×224 పిక్సెళ్ళు. దానిని 4:3 నిష్పత్తి గల తెరపై చూపేవారు. అంటే ఒక్కొక్క పిక్సెల్ చతురస్రం కాక, కొంత సన్నగా ఉండేది. వెలికితీసిన బొమ్మను నేటి తెరపై చూస్తే ముస్తఫా దుకాణంలో కనిపించిన దానికంటే లావుగా కనిపిస్తాడు. ఇది రిప్పర్ పొరపాటు కాదు. భద్రపరచేటప్పుడు అసలు పిక్సెళ్ళనే ఉంచి, ఈ సంగతిని షీట్‌పై వ్రాయడం ఉత్తమ పద్ధతి.

=== ఉప్పల్ మైదానం నేపథ్యంగా క్రికెట్ ఆట ===
హైదరాబాదు తూర్పు భాగంలో నాచారం, రామంతాపూర్ ప్రాంతాలకు దగ్గరగా ఉన్న ఉప్పల్ రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ మైదానం నేపథ్యంగా ఒక విద్యార్థి అభ్యాసం కోసం చిన్న క్రికెట్ ఆట తయారుచేయదలచాడని అనుకొందాం. అతడు పరిశీలించదగిన పాత ఆటలు ఇవి.
* ఇంటర్నేషనల్ క్రికెట్ (1992): నింటెండో 8 బిట్ యంత్రంపై వచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన బీమ్ సాఫ్ట్‌వేర్ తయారీ.
* సూపర్ ఇంటర్నేషనల్ క్రికెట్ (1994): సూపర్ నింటెండోపై వచ్చింది. ఇదీ బీమ్ సాఫ్ట్‌వేర్ తయారీయే.
* బ్రియాన్ లారా క్రికెట్ (1995): మెగా డ్రైవ్‌పై వచ్చింది. కోడ్‌మాస్టర్స్ ప్రచురణ.

మొదటి దానిలో ఒక్కొక్క స్ప్రైట్‌కు మూడే రంగులు. ముఖం, దుస్తులు, ప్యాడ్లు అన్నీ ఆ మూడింటిలోనే ఇమడాలి. తక్కువ రంగులతో మనిషి కదలికను ఎలా సూచించాలో నేర్చుకోవడానికి ఇది మంచి పాఠం. తెల్ల దుస్తులను రంగు దుస్తులుగా మార్చి రెండు జట్లను తయారుచేయాలంటే 15 రంగులు గల తరువాతి రెండు ఆటలు అనుకూలం. అయితే ఒక ఆట నుండి బ్యాట్స్‌మన్‌ను, మరొక ఆట నుండి బౌలర్‌ను తీసుకోరాదు. కోణమూ ఎత్తూ కలవవు.

మైదానం సంగతి వేరు. ఉప్పల్‌లో మొదటి అంతర్జాతీయ మ్యాచ్ 2005 నవంబరు 16న భారత్, దక్షిణాఫ్రికాల మధ్య జరిగింది. 1990ల ఆటలలో ఆ మైదానం ఉండే అవకాశమే లేదు. కాబట్టి దానిని విద్యార్థి స్వయంగా గీసుకోవలసిందే. రిప్పింగ్ ఎక్కడ ఆగి సొంత చిత్రకళ ఎక్కడ మొదలుకావాలో ఈ ఉదాహరణ తెలుపుతుంది.

=== జావా ఫోన్ ఆటలు ===
2000లలో భారతదేశంలో లక్షలాది మంది ఆడిన తొలి ఆటలు కన్సోల్‌పై కాక, నోకియా వంటి ఫోన్లలోని జావా ఆటలు. వీటి జార్ ఫైలు వాస్తవానికి జిప్ పద్ధతిలో కట్టిన మూట. సాధారణ ఉపకరణంతో విప్పితే చాలా ఆటలలో బొమ్మలు పీఎన్‌జీ రూపంలోనే దొరుకుతాయి. కొన్నిటిలో మాత్రం తయారీదారులు సొంత పద్ధతిలో దాచారు. ఒకే ఆటను 128×128, 176×208, 240×320 వంటి వేర్వేరు తెరలకు వేర్వేరుగా విడుదల చేసేవారు. అందువలన ఏ తెర ప్రతి నుండి తీశారో తప్పక పేర్కొనాలి. పాత ఫోన్లతో పాటే అనేక ఆటలు కనుమరుగవుతున్నందున, కొత్త రిప్పర్లకు ఇది సులభమైనదీ, అవసరమైనదీ అయిన రంగం.

== హక్కులు ==
పాత ఆట అయినంత మాత్రాన దాని బొమ్మలు అందరి సొత్తు కావు. భారతీయ కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం బొమ్మలు కళాకృతుల కిందకు, ప్రోగ్రాము సాహిత్యకృతుల కిందకు వస్తాయి. కళాకృతికి సాధారణంగా రచయిత జీవితకాలం, ఆపైన 60 సంవత్సరాలు రక్షణ ఉంటుంది. కాబట్టి 1980ల ఆటలు కూడా ఇంకా దశాబ్దాల పాటు రక్షణలోనే ఉంటాయి.

చట్టంలోని 52వ సెక్షన్ పరిశోధనతో సహా వ్యక్తిగత వినియోగానికి, విమర్శకు, సమీక్షకు న్యాయమైన మేరకు వాడుకొనే వెసులుబాటు ఇస్తుంది. తయారుచేసిన ఆటను అమ్మడానికి ఈ వెసులుబాటు వర్తించదు. ముస్తఫా వంటి ఆటలో సమస్య మరింత జటిలం. ఆట హక్కు ఒకరిది, కామిక్ హక్కు మరొకరిది, కాడిలాక్ అన్న పేరు జనరల్ మోటార్స్ వ్యాపార చిహ్నం. క్యాప్‌కామ్ 2018లో తన పాత పోరాట ఆటలను ఒక సంపుటిగా విడుదల చేసినప్పుడు ఈ ఆట అందులో లేదు.

రిప్పింగ్‌ను అభ్యాసానికి వాడుకొని, ప్రజలకు విడుదల చేసే ఆటలో సొంత బొమ్మలను గానీ, స్వేచ్ఛా లైసెన్సుతో లభించే బొమ్మలను గానీ ఉపయోగించడం సురక్షితం.

== ప్రాముఖ్యత ==
అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటలలో 87 శాతం మార్కెట్లో కొనడానికి లభ్యం కావడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించింది. దక్షిణ భారత మూకీ చిత్రాలలో అత్యధిక భాగం నేడు లభించడం లేదు. అవి విడుదలైన కాలంలో వాటిని దాచవలసిన వస్తువులుగా ఎవరూ భావించలేదు. పాత ఆటల పరిస్థితి కూడా అటువంటిదే. స్ప్రైట్ షీట్ ఆటకు ప్రత్యామ్నాయం కాదు, కానీ ఆనాటి చిత్రకారులు మూడు రంగులతో, 16 పిక్సెళ్ళ ఎత్తులో ఏమి సాధించారో చూపగలదు. అందువలన ఆటను ఎంచుకొనేటప్పుడు "ఏది ఇష్టం" అన్న ప్రశ్నతో పాటు "ఏది ఇంకా ఎవరూ దాచలేదు" అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

== ఇవి కూడా చూడండి ==
* వీడియో గేమ్
* ఎమ్యులేటర్
* పిక్సెల్
* కాపీరైట్
* ఉప్పల్
* నాచారం