లబ్ధము యొక్క మార్పు: శంషాబాదు రన్‌వే చూపు లెక్క

కలనగణితమును క్రొత్తగా నభ్యసించు విద్యార్థులలో పెక్కుండ్రు ఒక్క పొరపాటునే చేయుచుందురు. రెండు రాశుల మొత్తమునకు అవకలనము కట్టునపుడు వేర్వేరుగా కట్టి కూడిన చాలును. కావున లబ్ధమునకును వేర్వేరుగా కట్టి గుణించిన చాలునని తలంతురు. ఇందులకు వారిని గద్దింప నక్కరలేదు. ఈ శాస్త్రమును నిర్మించినవారిలో నొకడైన జర్మను పండితుడు లైబ్నిట్జు సైతము 1675 నవంబరులో ఈ ప్రశ్ననే తన వ్రాతలలో వేసికొని, పరీక్షించి, కాదని తేల్చుకొనెను. 1684లో సరియైన సూత్రమును ప్రకటించెను.

సూత్రమును వల్లించుటకంటె ముందు బొమ్మ గీచుట మేలని మా యభిప్రాయము. మన శంషాబాదున 2008లో తెరువబడిన విమానాశ్రయపు ప్రధానమైన రన్‌వే పొడవు 4,260 మీటరులు. వెడల్పు 60 మీటరులు. వైశాల్యము 2,55,600 చదరపు మీటరులు. పొడవును వెడల్పును ఒక్కొక్క మీటరు పెరిగిన వనుకొందము. (నిజముగా నెవ్వరును పెంచుటలేదు, లెక్కకొరకే.) అప్పుడు ప్రక్కన 4,260 చదరపు మీటరుల పొడుగుపాటి పట్టీయు, చివర 60 చదరపు మీటరుల పొట్టి పట్టీయు, మూలను 1 చదరపు మీటరు గడియు చేరును. మొత్తము 4,321. మార్పులను గుణించినవానికి దొరకునది ఆ మూలగడి యొక్కటియే! పట్టీలు రెండును వాని లెక్కలోనికి రానేలేదు.

ఇక పెరుగుదలను మీటరులో పదవవంతు చేయుదము. పట్టీలు 426, 6 అగును, గడి 0.01 మాత్రమే. పట్టీలు పదింట నొకవంతునకు తగ్గగా గడి నూరింట నొకవంతునకు తగ్గినది. పెరిగిన వైశాల్యమును పెరుగుదలచే భాగించిన మొదట 4,321, పిదప 4,320.1, నూరవవంతునకు 4,320.01 వచ్చును. పెరుగుదల సున్నను సమీపించుకొలది గడి వలని భాగము మాయమగును. నిలుచునది 4,320, అనగా రెండు పట్టీల మొత్తము.

కనుక మొదటి రాశిని రెండవదాని మార్పురేటుచే గుణించి, రెండవ రాశిని మొదటిదాని మార్పురేటుచే గుణించి, ఆ రెంటిని కూడవలెను. పొడవు వెడల్పుకంటె రెండింతలు వేగముగా పెరిగినచో, పొట్టి పట్టీ 60కి బదులు 120 అగును, అంతియే భేదము.

సందేహము తీరనివారు చతురస్రమును గీచి చూతురు గాక. భుజము మీటరు చొప్పున పెరుగునపుడు, తప్పు సూత్రము ప్రకారము వైశాల్యపు మార్పురేటు ఎల్లప్పుడు 1. పలకయంత చతురస్రమును పొలమంత చతురస్రమును ఒకే రీతిగా పెరుగునా? సరియైన సూత్రము భుజమునకు రెండింతలు చెప్పును. మూడు రాశుల లబ్ధమైనచో పదములు మూడగును. దానికి పెట్టె బొమ్మ కావలెను.