కరిగే తీరం

శీతల మండలాలలో కనీసం రెండేళ్ళపాటు ఎడతెగక 0 డిగ్రీల సెల్సియస్‌కు మించని చలిలో ఉండే నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. నిత్యఘనీభూత భూమి అని మనం అనుకోవచ్చు. అలాస్కా, సైబీరియా ఉత్తర తీరాలు చాలావరకు ఇట్టివే. చూపునకు శిలవలె తోచే ఆ గట్లలో చాలాచోట్ల శిల లేదు. మన్నును పట్టి ఉంచే సున్నం అక్కడ మంచే.

కనుక సముద్రం ఈ తీరాన్ని కొట్టడమే కాక కరిగిస్తుంది కూడా. వేసవిలో కాస్త వెచ్చబడిన ఉప్పునీరు గట్టు పాదాన్ని గుహవలె తొలుస్తుంది. ఆధారం కోల్పోయిన పైభాగం పెద్ద గడ్డగా విరిగి నీట పడుతుంది. కొన్నాళ్ళకు అదీ కరిగిపోతుంది. ఇసుక తీరాన్ని కోసిన అల ఒక్కొక్కప్పుడు ఆ ఇసుకను మరల తెచ్చి పోస్తుంది. కరిగిన మంచును ఏ అల తేగలదు? అలాస్కాలోని డ్రూ పాయింట్ వద్ద 2007, 2016 సంవత్సరాల మధ్య తీరం ఏటా సగటున 17 మీటర్లు వెనుకకు జరిగింది.

పూర్వం శరత్కాలపు తుఫానుల వేళకు సముద్రంపై మంచు పరచుకొని కెరటాలను అణచేది. ఇప్పుడది ఆలస్యంగా ఏర్పడుతున్నది. కవచం తొడగకమునుపే యుద్ధం వచ్చిపడినట్లున్నది. చుక్చీ సముద్రంలోని చిన్న ద్వీపంపై షిష్మరెఫ్ అనే ఊరు ఉన్నది. సీలు వేటతో, చేపలతో బ్రతికే ఇనూపియాట్ ప్రజలు అక్కడ సుమారు 600 మంది. ఊరు తరలించాలని 2002లో ఒకమారు, 2016లో మరొకమారు వారు ఓటు వేశారు. రెండవసారి 89 మంది వెళ్దామన్నారు, 78 మంది ఉందామన్నారు. ఆ 78 మంది సముద్రమెరుగనివారు కారు. తరలింపునకు కావలసిన ధనం సమకూడలేదు. ఒడ్డున బండరాళ్ళు పేర్చుకొని ఊరు నేటికీ అక్కడే ఉన్నది.