జ్ఞాన విభజన - యంత్ర తర్కం

విద్యలను వర్గీకరించడం జ్ఞానాన్వేషణలో తొలి మెట్టు. క్రీ.శ. 950లో మరణించిన అబూ నసర్ ఫారాబీ తన 'ఇహ్సావుల్ ఉలూమ్' గ్రంథంలో భాష, తర్కం, గణితం, ప్రకృతి శాస్త్రం, అధిభౌతిక శాస్త్రం, రాజనీతి, ఫిఖహ్, కలామ్ మొదలైన విద్యలను వరుసగా పేర్కొని, ఏ విద్య హద్దు ఎంతవరకో వివరించాడు. 13వ శతాబ్దికి చెందిన అసీరుద్దీన్ అబ్‌హరీ రచించిన 'ఈసాగోజీ' మదర్సాలలో తర్కానికి ప్రథమ పాఠంగా ఉంటూ వచ్చింది. ఒక వస్తువును నిర్వచించాలంటే ముందుగా దాని జిన్స్‌ను, అనగా జాతిని చెప్పాలి. పిదప దాని ఫసల్‌ను, అనగా తోటివాటి నుండి దానిని వేరుచేసే ధర్మాన్ని చెప్పాలి. ఈ సూత్రం ఆ పాఠం చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసినదే.

ఈ పాత విద్యకు నేడు కంప్యూటర్ రంగంలో కొత్త పని పడింది. ఒక రంగంలో ఏయే విషయాలున్నాయి, వాటిలో ఏది దేనికి రకం, ఏది దేనికి భాగం, ఏది దేనికి కారణం అన్న సంగతులను యంత్రం తర్కించగలిగినంత నిష్కర్షగా రాసిపెట్టిన దానిని ఆంటాలజీ అంటారు. అధిభౌతిక శాస్త్రంలో అస్తిత్వ విచారణకు ఉన్న పేరే దీనికీ వచ్చింది. నిఘంటువు మనిషికి అర్థం చెబుతుంది. ఆంటాలజీ యంత్రానికి అనుమానం చేసే ఆధారాన్ని ఇస్తుంది. న్యుమోనియా ఊపిరితిత్తులలో ఏర్పడే శోథ అని ఒకచోట, ఊపిరితిత్తులు ఛాతీలోని అవయవాలని మరొకచోట రాసి ఉంటే, న్యుమోనియా ఛాతీకి సంబంధించిన రుగ్మత అని ఎవరూ రాయకపోయినా యంత్రం తానే నిర్ధారిస్తుంది.

ఒకే కుప్పగా పోస్తే

వైద్యరంగంలో వాడుకలో ఉన్న 'స్నోమెడ్ సీటీ' ఇందుకు మంచి ఉదాహరణ. ఒక అమెరికన్ పదకోశం, ఒక బ్రిటిష్ పదకోశం కలిసి 2002లో ఇది వెలువడింది. ఇందులో 3 లక్షల 50 వేలకు పైగా భావనలున్నాయి. దీనిని నిర్వహించే అంతర్జాతీయ సంస్థలో 2014లో భారతదేశం సభ్యత్వం పొందింది. కనుక మన ఆసుపత్రులకు కూడా ఇది పరాయి విషయం కాదు.

ఇంతటి దానిని ఏ ఒక్కరూ ఆసాంతం పరిశీలించలేరు. ఒక మూల చేసిన మార్పు మరో మూల ఊహించని ఫలితాన్ని ఇస్తుంది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలన్ రెక్టర్, ఆయన సహచరులు 2011లో ప్రచురించిన పరిశీలన ఈ సంగతిని రుజువు చేసింది. వారు వైద్యులు నిత్యం వాడే రోగనామాలకు సంబంధించిన భాగాన్ని వేరుచేసి పరీక్షించారు. గుండెపోటు, గుండెకు రక్తప్రసరణ తగ్గడం వల్ల కలిగే జబ్బుల వర్గంలో చేరలేదు. మధుమేహం ఉదరవ్యాధుల వర్గంలో చేరింది. పాదం వద్ద రక్తనాళానికి తగిలిన గాయం కటిభాగపు రుగ్మతగా తేలింది.

ఇది కేవలం పండితుల చర్చ కాదు. రక్తప్రసరణ లోపం వల్ల హృద్రోగం కలిగినవారందరినీ చూపుమని వైద్యుడు యంత్రాన్ని అడిగితే, గుండెపోటు వచ్చిన రోగి పేరు ఆ పట్టికలో లేకుండా పోవచ్చు. పట్టికలో లేని రోగికి అందవలసిన హెచ్చరిక అందదు. స్నోమెడ్ ఆ తరువాత సవరణలకు లోనవుతూనే ఉంది. అయినా ఆ పరిశీలన నేర్పిన పాఠం అలాగే ఉంది: చిన్న భాగంగా విడదీసి చూసినప్పుడే పెద్ద గ్రంథంలోని దోషం కంటికి ఆనుతుంది.

నిర్మాణ నియమాలు

రెక్టరే 2003లో ఒక నియమాన్ని ప్రతిపాదించాడు. మూలభావనలను శాఖలుగా విడదీయాలి. ఏ మూలభావనకైనా ఒకే ఒక్క తల్లి ఉండాలి. శరీరావయవాలు ఒక చెట్టు, వ్యాధి ప్రక్రియలు మరో చెట్టు, సూక్ష్మజీవులు ఇంకో చెట్టు. బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియాను ఊపిరితిత్తుల జబ్బుల కింద ఒకసారి, అంటురోగాల కింద ఒకసారి చేత్తో రాయకూడదు. 'శోథ' అనే జాతికి 'ఊపిరితిత్తులలో', 'బ్యాక్టీరియా వల్ల' అనే వ్యావర్తక ధర్మాలను ఇతర చెట్ల నుండి తెచ్చి జోడించాలి. అది ఏయే వర్గాలలో చేరుతుందో తేల్చే పని యంత్రానిది. ఈ విధంగా కడితే, అవయవాల చెట్టును సరిదిద్దిన నిపుణుడు వ్యాధుల చెట్టును ముట్టుకోనక్కరలేదు.

రెండవది, రకాన్నీ భాగాన్నీ కలపరాదు. వేలు చేతిలో భాగమే గాని చేతిలో ఒక రకం కాదు. వేలికి గాయమైతే చేతికి గాయమైనట్లే. కాని వేలిని తొలగిస్తే చేతిని తొలగించినట్లు కాదు. ఈ తేడా రాయకపోతే యంత్రం రెంటినీ ఒకే గాట కడుతుంది.

మూడవది, ఇతరులు చక్కగా చేసిన పనిని తిరిగి చేయకూడదు. 1998లో ప్రారంభమైన జీన్ ఆంటాలజీ తన విషయాన్ని జీవప్రక్రియలు, అణుస్థాయి క్రియలు, కణభాగాలు అనే మూడు శాఖలుగా ఉంచుకుంది. రసాయన పదార్థాల కోసం 'కెబి' అనే వేరొక ఆంటాలజీపై ఆధారపడింది.

నాల్గవది, అరువు తెచ్చుకున్న పదానికి అర్థం మార్చరాదు. షరహ్ రాసే పండితుడు మతన్‌కు ఎంత వివరణైనా చేర్చవచ్చు గాని మూలవాక్యాన్ని దిద్దడు. ఇదీ అటువంటిదే.

వాడుకలో

ఆంటాలజీలను రాయడానికి 2004లో ప్రామాణికమైన 'ఔల్' భాషలో ఒక ఆంటాలజీ మరొకదానిని దిగుమతి చేసుకునే ఏర్పాటు ఉంది. కాని అది మొత్తాన్నీ తెస్తుంది. నూరు పదాలు కావలసినవాడు లక్షలు మోయవలసి వస్తుంది. ఈ చిక్కుకు 2007, 2008 సంవత్సరాలలో కువెంకా గ్రావ్, హారక్స్, కజకోవ్, సాట్లర్ అనే పరిశోధకులు ఒక మార్గం చూపారు. కావలసిన పదాలను ముందుగా ఎంచుకుంటే, ఆ పదాల విషయంలో మొత్తం ఆంటాలజీ ఏయే నిర్ధారణలు ఇస్తుందో, అవన్నీ ఇవ్వగల భాగాన్ని యంత్రం వేరుచేస్తుంది. ఆ భాగం సాధ్యమైనంత చిన్నది కాకపోవచ్చు. అతి చిన్నదానిని కచ్చితంగా కనుగొనడం సాధారణంగా గణనకు అలవికాని పని. అయితే అవసరమైనదేదీ జారిపోదన్న హామీ ఉంటుంది.

ఇందులో ఒక జాగ్రత్త పాటించాలి. వేరుచేసిన భాగం ఆనాటి మూలానికి ప్రతి మాత్రమే. మూలం మారినప్పుడు భాగాన్ని తిరిగి తీయాలి. ఏ సంచిక నుండి తీశారో రాసి ఉంచాలి. లేకుంటే మూలంలో సవరించిన తప్పు ప్రతిలో బతికే ఉంటుంది.

యంత్రం రాసిన మాటల నుండి మాత్రమే తర్కిస్తుంది. రాసినవాని ఉద్దేశాన్ని అది ఎరుగదు. కనుక హద్దులను నిర్ణయించే బాధ్యత, జాతినీ ధర్మాన్నీ సరిగా చెప్పే బాధ్యత, ఫారాబీ కాలంలో వలెనే నేడు కూడా మనిషిదే.