మిలిటరీ బండి ఎంత వేగం పోవాలి?

ఆదోని ప్రత్తి, ఎమ్మిగనూరు నేత, గూడూరు మామ బండి - యీ మూడింటికీ లోకంలో సాటి లేదని చిన్నతనంలో మా గట్టి నమ్మకం. మొదటి రెండింటి సంగతి అందరికీ తెలిసినదే. మూడవదాని కథ చెప్పవలసినవాణ్ణి నేనే. ఎందుకంటే, ఒకనాడు అది మమ్మల్ని చంపబోయి వదిలిపెట్టినది.

మా మేనమామది కర్నూలు జిల్లా గూడూరు. ఆయన బండి రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన ముప్పాతిక టన్ను డాడ్జి. ముందు చక్రాలూ లాగుతవి, వెనుక చక్రాలూ లాగుతవి. 1945లో యుద్ధం ముగిసిన తరువాత అటువంటి బండ్లు మన దేశంలో చాలా మిగిలిపోయినవి. "డిస్పోజలు" అమ్మకాలలో వాటిని కొనుక్కున్నవారు లారీలుగానూ, బస్సులుగానూ మార్చుకున్నారు. పెట్రోలు ఖర్చుకు తాళలేనివారు పాత యింజను దింపి డీజిలు యింజను ఎక్కించుకున్నారు. మద్రాసులో సింప్సన్ కంపెనీవారు 1950లలో తయారుచేసిన పెర్కిన్స్ పీ-6 యింజను అటువంటివారికి బాగా అక్కరకు వచ్చినది. మామ బండిలో వున్నదీ అదే.

బండిలో స్టీరింగు ముందు ఒక రేకు వుండేది. ఏ గేరులో ఎంత వేగం మించరాదో దానిమీద సైన్యంవారు చెక్కించారు. టాపు గేరుకు ఎదురుగా 54 మైళ్లు అని వుండేది. మామకు ఆ రేకు వేదం. "అమెరికావాడు రాసినాడు, అబద్ధమైతదా?" అనేవాడు.

1963 వేసవిలో వేరుశనగ బస్తాలు వేసుకుని నంద్యాల మీదుగా గిద్దలూరికి బయలుదేరాము. నాకు అప్పుడు పన్నెండేళ్లు. నల్లమలలో మలుపులన్నీ జాగ్రత్తగానే దిగినాడు మామ. దిగువన దారి తిన్నగా కనిపించేసరికి టాపు గేరు వేసి వదిలినాడు. బండి జోరందుకున్నది. ముల్లు 50 దాటినది. యింజను గర్జన కాస్తా కేకగా మారినది. లోపల ఏదో టకటకమన్నది. మామ కంగారుపడి మూడవ గేరు వేయబోయినాడు. అది పడలేదు. మళ్లీ టాపూ పడలేదు. బండి ఏ గేరూ లేకుండా పల్లానికి పరుగెత్తినది. బ్రేకు తొక్కగా తొక్కగా కాలిన వాసన వచ్చినది, పెడలు మెత్తబడినది. చివరకు దారి పక్కన ఎత్తుగా వున్న మెరక చేనులోకి తిప్పినాడు. దున్నిన మట్టిలో చక్రాలు కూరుకుని బండి నిలిచినది. మామ చాలాసేపు స్టీరింగు వదలలేదు.

బండిని ఆదోనికి చేర్చడానికి మూడు రోజులు పట్టినది. అక్కడి మేస్త్రీ సాయిబు యింజను మూత విప్పి చూచి, వంగిపోయిన పుష్‌రాడ్లు రెండు తీసి మామ చేతిలో పెట్టినాడు.

"ఎంతలో పోయినావన్నా?"

"రేకు మీద వున్నంతే పోయినా సాయిబూ. 54 దాటలేదు."

సాయిబు నవ్వలేదు. "ఆ రేకు పాత యింజనుది. ఆ యింజను ఎప్పుడో పోయె. రేకు మాత్రం వుండిపోయె" అన్నాడు.

తరువాత ఆయన చేసినది నేను యీనాటికీ మరువలేదు. టైరు మీద సుద్దతో గీత గీసి, సరిగ్గా దాని కింద నేల మీద మరొకటి గీచినాడు. బండిని ఒక చుట్టు ముందుకు తోయించినాడు. రెండు గీతల మధ్య టేపు పట్టితే 9 అడుగులు వచ్చినది. అంటే చక్రం ఒకసారి తిరిగితే బండి 9 అడుగులు, మన నేటి లెక్కలో సుమారు 2.75 మీటర్లు, నడుస్తుందన్నమాట.

ఇక గేర్ల లెక్క. ఆ డాడ్జి ఇరుసులో క్రౌను పినియను నిష్పత్తి 5.83. టాపు గేరులో యింజను 5.83 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. సైన్యంవారు ఇంత పెద్ద నిష్పత్తి ఎందుకు పెట్టారంటే, వారికి కావలసినది వేగం కాదు, లాగుడు. బురదలో, ఇసుకలో, బరువుతో కదలాలి. పాత పెట్రోలు యింజను నిమిషానికి 3200 చుట్లు దాకా తిరుగగలదు గనుక, అంత నిష్పత్తితోనూ 54 మైళ్లు చెల్లింది.

డీజిలు యింజను సంగతి వేరు. అందులో నిప్పురవ్వ వుండదు. గాలిని గట్టిగా నొక్కడంవల్ల పుట్టిన వేడికే నూనె మండాలి. ఆ ఒత్తిడికి ఆగాలంటే పిస్టన్లు, రాడ్లు బరువుగా, దిట్టంగా వుండాలి. బరువైన భాగాలు వేగంగా పైకీ కిందికీ ఆడరాదు. పీ-6కు హద్దు నిమిషానికి 2400 చుట్లు. 2400ను 5.83 పెట్టి భాగిస్తే చక్రానికి 412 చుట్లు. దానిని 9 అడుగులతో హెచ్చించి గంటకు లెక్క వేస్తే 42 మైళ్లు, అంటే 68 కిలోమీటర్లు. అదీ ఆ బండి అసలు హద్దు. రేకును నమ్మి 54 పోయినప్పుడు యింజను మూడు వేల చుట్లు దాటినది. చుట్లు పెరిగినకొద్దీ భాగాలపై పడే లాగుడు వర్గం లెక్కన పెరుగుతుంది. అంటే ఆనాడు ఆ రాడ్లు తమ హద్దుకు ఒకటిన్నర రెట్లకు పైగా భారం మోసినవి.

"గవర్నరు వున్నది గదా, ఆపదా?" అని మామ అడిగినాడు.

"గవర్నరు నూనె ఆపుతుంది గానీ కొండను ఆపుతుందా అన్నా?" అన్నాడు సాయిబు.

చదునుమీద యింజను చక్రాలను తిప్పుతుంది. పల్లంలో చక్రాలే యింజనును తిప్పుతవి. అప్పుడు గవర్నరు నూనె పూర్తిగా కట్టివేసినా చుట్లు తగ్గవు. తగ్గించవలసినవి చిన్న గేరూ, బ్రేకూను. ఆ డాడ్జిలో గేర్ల నిష్పత్తులు మొదటిది 6.40, రెండవది 3.09, మూడవది 1.69, నాలుగవది సరిసమానం. డీజిలుతో మూడవ గేరు హద్దు 40 కిలోమీటర్లు, రెండవది 22, మొదటిది పదిన్నర. మామ 54 మైళ్ల వేగంలో మూడవ గేరు వేయబోయినాడు. అది పడివుంటే యింజను అయిదు వేల చుట్లు దాటి ముక్కలయ్యేది. పడకపోవడమే మా ఆయుస్సు! కనుక పల్లం మొదలుకాకముందే, ఎక్కడానికి ఏ గేరు కావాలో ఆ గేరు వేసుకుని దిగాలి. మధ్యలో గుర్తుకు వస్తే లాభం లేదు.

ఇది ఒక్క డాడ్జి గొడవ కాదు. 1980లలో అమెరికా సైన్యం షెవర్లే ఎం-1008 అనే డీజిలు పికప్పులు వాడినది. వాటి యింజను 6.2 లీటర్లది, ఇరుసు నిష్పత్తి 4.56, టాపు గేరు సరిసమానం. సైన్యం వాటికి పెట్టిన హద్దు 55 మైళ్లు, అనగా 88 కిలోమీటర్లు. ఆ వేగంలో యింజను నిమిషానికి సుమారు 2700 చుట్లు తిరుగుతుంది. 110 పోనిస్తే 3300 దాటుతుంది. హద్దేమో 3600. సైన్యం వదిలించుకున్న తరువాత కొన్నవారికి పెద్ద రోడ్లమీద యిదే చిక్కు వచ్చినది.

ఉపాయాలు లేకపోలేదు. ఇరుసులో చిన్న నిష్పత్తి వేయించవచ్చు. కాని నాలుగు చక్రాలూ లాగే బండికి ముందూ వెనుకా ఒకే నిష్పత్తి వుండాలి, లేకపోతే ఒకదానితో ఒకటి పెనుగులాడి పళ్లు విరుగుతవి. ఓవర్‌డ్రైవ్ పెట్టవచ్చు. పెద్ద టైర్లు వేస్తే చుట్లు తగ్గుతవి గానీ స్పీడోమీటరు తక్కువ చూపి మోసం చేస్తుంది. ఏది చేసినా ఎంత వేగం వచ్చినదో అంత లాగుడు పోతుంది. పైగా బ్రేకులు పాతవే. వేగం 40 నుంచి 60 అయితే ఆపడానికి పట్టే దూరం ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు అవుతుంది.

సాయిబు మామకు చివరగా చెప్పినది ఒక్కటే: హద్దులో ముప్పాతిక వంతుకు మించవద్దు. అంటే 1800 చుట్లు, 51 కిలోమీటర్లు. అరవై కిలోమీటర్ల దారిలో దీనివల్ల ఆలస్యమయ్యేది 18 నిమిషాలు. ఒక టీ తాగినంత సేపు!

మామ గూడూరు తిరిగివచ్చి రేకు పీకివేస్తాడనుకున్నాము. పీకలేదు. దానిమీద 54 అంకెను తెల్ల రంగుతో కొట్టివేసి, పక్కన 32 అని రాయించినాడు. మైళ్లలోనే. ఆ తరువాత ఆయన ఇరవై ఏళ్లు ఆ బండి నడిపినాడు. దారిలో ఎద్దుల బండ్లవాళ్లు సైతం "మిలిటరీ బండి గదా, ఇంతేనా పోవడం?" అని ఎగతాళి చేసేవారు. మామ చెయ్యి ఊపి, తన దారిన తాను పోయేవాడు.