కణపు పొర దాటించు పెప్టైడులు

గోదావరి నీరు మన రాజోలు పొలములకు వచ్చు త్రోవ మీరెఱిగినదే. నడుమ వైనతేయ మడ్డమై యున్నందున, పందొమ్మిదవ శతాబ్దిలోనే గన్నవరమువద్ద కాలువనే వంతెన యెక్కించి యేటిని దాటించిరి. నేడు నేను చెప్పబోవు దాటింపు కంటికి కానరానిది.

మన దేహమందలి ప్రతి జీవకణమును కొవ్వుతో నైన పలుచని పొర చుట్టియుండును. లోపల డి.ఎన్.ఏ. యను మూలగ్రంథము గలదు. దాని నకలు ఆర్.ఎన్.ఏ.; ఆ నకలును బట్టియే మాంసకృత్తులు తయారగును. నకలులో దోషమున్నచో కొన్ని వ్యాధులు పుట్టును. దోషమున్న తావున సరిగా నతుకుకొను చిన్న తునుకను పంపిన, ఆ దోషమును మఱుగుపఱుపవచ్చును. ఇట్టి తునుకకు ఒలిగోన్యూక్లియోటైడని పేరు. 1978లో అమెరికాలో జమెక్నిక్, స్టీఫెన్సను అనువారు కోడిపిల్ల కణములను పాత్రలలో పెంచి, 13 అక్షరముల తునుకతో వానియందు రౌస్ సార్కోమా వైరసు వృద్ధిని అణచిరి.

చిక్కేమనగా, ఈ తునుకలు పెద్దవి, పైగా సాధారణముగా ఋణవిద్యుత్తు గలవి. జిడ్డుపొర వానిని సులభముగా లోనికి రానీయదు. 1988లో ఎయిడ్సు వైరసునందలి టాట్ అను మాంసకృత్తు తనంత తానే కణములలో ప్రవేశించునని తెలిసెను. 1994లో ఫ్రాన్సు పండితులు పండ్ల యీగయొక్క మాంసకృత్తులో 16 అమైనో ఆమ్లముల ముక్క యొక్కటియే యీ పని చేయుననిరి. అట్టి పెప్టైడులు పెక్కింట ధనవిద్యుత్తు గల ఆర్జినైను, లైసినులు మెండు.

తునుకను పెప్టైడునకు రసాయనబంధముతో కట్టవచ్చును. లేదా రెంటిని ఊరక కలుపవచ్చును, విరుద్ధ విద్యుత్తులే వానిని ముద్దజేయును. రెండవది సులువు గాని, పెప్టైడు మితిమీరిన కణములు చచ్చును. విద్యుత్తు లేని తునుకలకు మొదటి పద్ధతియే తగినది.

లోనికి పోయినంతనే పని యైనట్లు కాదు. కణము తన పొరనే మడచి, వచ్చినదానిని సంచిలో మూసివేయును. సఖినేటిపల్లి రేవున పంటెక్కినవాడు నరసాపురమున దిగక పంటుమీదనే కూర్చున్నట్లు, సరకు పెక్కుపాళ్లు ఆ సంచిలోనే చిక్కి నశించును. 2003లో మఱియొక సంగతి తేలెను: సూక్ష్మదర్శినిలో చూచుటకై కణములను చంపి స్థిరపఱచినపుడు పెప్టైడు చెదరి కేంద్రకమున చేరినట్లు భ్రమ గొల్పుచుండెనట! అందుచే నాకు మిక్కిలి నచ్చిన పరీక్ష 1998 నాటిది. మినుగురు పురుగు వెలుగునకు మూలమైన జన్యువునందు తలసీమియా దోషమును జొప్పించి, దానిని కణములలో నుంచిరి. తునుక కేంద్రకము చేరి దోషమును సవరించిననే కణములు వెలుగును. సంచిలో చిక్కిన వెలుగవు.

తెలుగునాట హైదరాబాదులో 1977లో వెలసిన సి.సి.ఎం.బి. సంస్థలో రామకృష్ణన్ నాగరాజుగారు పెప్టైడులకును కణపు పొరలకును గల సంబంధమును చిరకాలము శోధించిరి. 1994లో భట్నాగరు బహుమానము నందిరి.

ఇక ఫలితము. మగపిల్లలను నడవలేనివారిగా జేయు డుషేన్ అను కండరవ్యాధికి 2016లో అమెరికాలో ఒక తునుక మందుగా అనుమతింపబడెను. కాని కండరములోనికి పోవునది స్వల్పము. దానిని పెప్టైడునకు కట్టి రోగులపై పరీక్షింపగా, కొందఱి రక్తమున మెగ్నీషియము తగ్గెను. 2024లో తయారీదారులు ఆ యత్నమును విరమించిరి. కావున అట్టి బిడ్డను గన్నవారు మిమ్మడుగుదురేని, ఈ జంటమందు యత్నము విరమింపబడినదని, ఇప్పుడే యిప్పింతుమని ధనమడుగువారిని నమ్మవలదని చెప్పుడు.