పక్క గదిలో నెట్ ఎందుకు రాదు?

రిసెప్షన్‌లో వీడియోలు ఆగకుండా నడుస్తుంటాయి. వెనక గదిలోని అకౌంటెంటు మాత్రం జీఎస్టీ రిటర్ను అప్‌లోడ్ చేయాలంటే ల్యాప్‌టాప్ పట్టుకుని గుమ్మం దాకా రావాలి. ఇలాంటప్పుడు చాలా చిన్న ఆఫీసులు చేసే పని ఒకటే, ఇంకా పెద్ద ప్లాను తీసుకోవడం. నెలనెలా బిల్లు పెరుగుతుంది, వెనక గది పరిస్థితి మారదు. ఎక్కువసార్లు వీధిలోంచి వచ్చే ఫైబర్ బాగానే ఉంటుంది. చిక్కంతా రూటర్ నుంచి ఆ గది దాకా గాలిలో సాగే చివరి పది మీటర్లలోనే.

ఇది తేల్చుకోవడం తేలిక. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రూటర్‌కు కలిపి స్పీడ్ టెస్ట్ చేయాలి. అక్కడా వేగం లేకపోతే కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫిర్యాదు చేయాలి. అక్కడ ఉండి గదిలో లేకపోతే వైఫై సంగతి చూడాలి.

ఫోనులో కనిపించే గీతలు పెద్దగా ఏమీ చెప్పవు. ఆండ్రాయిడ్ ఫోన్లలో దొరికే వైఫై అనలైజర్ యాప్‌లు సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో చూపిస్తాయి. అవి మైనస్ అంకెలు, సున్నాకు దగ్గరైనకొద్దీ బలం ఎక్కువ. రూటర్ పక్కన మైనస్ 40 దాకా కనిపిస్తుంది. మైనస్ 67 వరకు వీడియో కాల్ సాఫీగా సాగుతుంది. మైనస్ 80 వచ్చిందంటే ఇక కష్టమే. ఈ లెక్కలో పది అంకెలు దిగితే బలం పదో వంతుకు పడిపోతుంది. అంటే మైనస్ 50 ఉన్న చోటు నుంచి మైనస్ 80 ఉన్న చోటుకు వెళ్లేసరికి మిగిలేది వెయ్యో వంతు! ఈ యాప్ పట్టుకుని గదిగదికీ తిరిగితే సిగ్నల్ ఎక్కడ పోతోందో దొరికిపోతుంది.

మన ఊళ్లలో ఎన్నో ఆఫీసులు ఇళ్లుగా కట్టిన వాటిలోనే నడుస్తాయి. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, పైన ఆర్‌సీసీ శ్లాబు, గోడ వెంట ఇనుప బీరువాలు, మూలన వరసగా ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు. ఇనుము తరంగాలను వెనక్కి కొడుతుంది, నీళ్లు పీల్చేస్తాయి. అసలు గోడలకు తగిలి తిరిగొచ్చే సిగ్నల్ ఒకప్పుడు పెద్ద తలనొప్పే. ఒకే సందేశం నాలుగు దారుల్లో కాస్త ముందూ వెనకగా చేరి కలగాపులగమయ్యేది. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో జాన్ ఓ సల్లివాన్ బృందం దీనికి దారి కనిపెట్టింది. రేడియో ఖగోళశాస్త్రంలో గడించిన అనుభవం వాళ్లకు అక్కరకొచ్చింది. దానిపై 1996లో అమెరికా పేటెంట్ దక్కింది. ఆ ప్రతిధ్వనులను నేటి చిప్‌లు విడదీసుకోగలవు. గోడ మింగేసినదాన్ని మాత్రం ఏ చిప్పూ తిరిగి తేలేదు.

అందుకే ముందు రూటర్ చోటు మార్చాలి. ఫైబర్ కిటికీలోంచి వస్తుంది కాబట్టి టెక్నీషియన్ పెట్టెను ఆ కిటికీ పక్కనే బిగించి వెళ్లిపోతాడు. సగం సిగ్నల్ వీధిపాలు. దాన్ని ఆఫీసు మధ్యకు, తల కంటే ఎత్తుకు, బీరువాలకు దూరంగా తేవాలి. బయటి యాంటెన్నాలు ఉంటే నిలువుగా నిలపాలి. వాటి సిగ్నల్ చుట్టూతా బలంగా వ్యాపిస్తుంది, కొన వైపు బలహీనం. పెద్ద యాంటెన్నాలున్న రూటర్ కొంటే సరిపోతుందా అంటే, పూర్తిగా కాదు. రూటర్ కేక ఫోనుకు వినిపించినా, ఫోను గొణుగుడు రూటర్‌కు చేరాలి కదా.

వాణిజ్య సముదాయాల్లో ఇంకో బాధ ఉంది, రద్దీ. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును 2005లో లైసెన్సు అక్కర్లేకుండా వదిలారు. బ్లూటూత్ కూడా అక్కడే, మైక్రోవేవ్ ఓవెన్ చేసే అల్లరీ అక్కడే. ఇందులో పదమూడు చానళ్లున్నా ఒకదానిపై ఒకటి పడనివి మూడే: 1, 6, 11. పక్క షాపులన్నీ 6లో ఉంటే మనం 1కో 11కో మారాలి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు బోలెడు, వేగమూ ఎక్కువే, కానీ గోడలు దాటడంలో అది వెనకబడుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఒక చానల్‌లో ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. వెనక గదిలో సిగ్నల్ అందక నత్తనడకన పంపే ల్యాప్‌టాప్ ఆ సమయమంతా చానల్‌ను పట్టుకుని కూర్చుంటుంది. దాంతో రూటర్ పక్కనున్న వాళ్లకూ నెట్ నెమ్మదిస్తుంది. అంటే ఆ ఒక్క గదిని బాగుచేస్తే ఆఫీసంతా బాగుపడుతుంది.

చోటు మార్చినా, చానల్ మార్చినా ఆ గదికి అందకపోతే రెండో పెట్టె కావాలి. దుకాణంలో ముందు చూపించేది రిపీటర్. దాన్ని తెచ్చి సిగ్నల్ లేని గదిలోనే పెట్టేస్తుంటారు. తనకే అందనిది అది ఎవరికి పంచుతుంది? ఇంకా సిగ్నల్ బాగున్న సగం దూరంలో పెట్టాలి. అప్పుడు కూడా ఒకే రేడియో ఉన్న రిపీటర్ వింటూ, విన్నదాన్ని మళ్లీ చెబుతూ వేగాన్ని దాదాపు సగం చేస్తుంది. దానికంటే గోడకు చిన్న రంధ్రం వేసి క్యాట్ 6 కేబుల్ లాగడం ఎన్నో రెట్లు మేలు. ఈ కేబుల్ వంద మీటర్ల దాకా పనిచేస్తుంది. మూలన పడేసిన పాత రూటర్ ఉంటే కొత్తది కొననక్కర్లేదు. దాని ఐపీ అడ్రస్ మార్చి, డీహెచ్‌సీపీ ఆపేసి, రెండింటి ల్యాన్ పోర్టులను కలపాలి. పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే పెట్టి చానళ్లు వేరుచేయాలి.

కేబుల్ కొనేటప్పుడు అసలైన రాగిదే అడగాలి. అల్యూమినియానికి రాగి పూత పూసినవి చౌకగా అమ్ముతున్నారు. ఎనిమిది తీగలూ బిగించారో లేదో చూసుకోవాలి, నాలుగే బిగిస్తే వేగం 100 ఎంబీపీఎస్ దాటదు. కరెంటు వైర్ల పైపులోంచి దీన్ని లాగనివ్వొద్దు. కొత్త యాక్సెస్ పాయింట్ కొనేవాళ్లు అదే కేబుల్‌లో కరెంటు కూడా అందుకునే రకాన్ని, అంటే పీవోఈ ఉన్నదాన్ని ఎంచుకోవచ్చు. రూటర్‌తో పాటు దానికి కరెంటిచ్చే స్విచ్ కూడా ఒకే యూపీఎస్ మీద ఉంటే, కరెంటు పోయినప్పుడు వెనక గదిలోనూ నెట్ ఆగదు.