మగతోడు లేకయే పెరుగు చేపపిల్లల మేత

తొలకరి వానలకు కుంట నిండిన కొలది దినములకు గాజు గ్లాసుతో నీరు ముంచి, వెలుతురునకు పట్టి చూడుడు. ఆవగింజకన్న చిన్న పురుగులు గెంతుచు కనిపించును. ఇవి రొయ్య, ఎండ్రకాయల జాతికి చెందిన మొయినా, డాఫ్నియా అను జీవులు. వేసవిలో నెర్రెలు విచ్చిన కుంటలోనికి ఇవి ఎట్లు వచ్చినవి?

నీరు, మేత సమృద్ధిగా నున్నంతకాలము వీనిలో దాదాపు అన్నియు ఆడవే. మగదానితో పనిలేక గ్రుడ్లను వీపుసంచిలో పొదిగి పిల్లలను కనును. ఆ పిల్లలును ఆడవే. దీనినే అనిషేక జననమందురు. వెచ్చని నీటిలో మొయినా పిల్ల వారము లోపుగనే తల్లి యగును. అందుచేతనే కొలది దినములలో కుంట నిండిపోవును.

మేత తగ్గి, పురుగులు క్రిక్కిరిసినచో మగవి పుట్టును. అప్పుడు ఏర్పడు గ్రుడ్లకు గట్టి పెంకుండును. అవి ఎండిన మట్టిలో ఏండ్ల తరబడి చెడక, మరల నీరు తగిలినపుడు పొదుగును.

దీనితో మనకేమి పని యందురా? పోచంపాడు చేపపిల్లల కేంద్రము వంటి చోట్ల నుండి బొచ్చె, రోహు పిల్లలను తెచ్చి పెంచువారికి ఇది ముఖ్యము. కడుపులోని సొన తీరిన పిల్లకు నీటిలోని ఇట్టి సూక్ష్మజీవులే తొలిమేత. అవి లేనిచో పిల్ల ఆకలితో చచ్చును. పెట్టిన సొమ్ము నీటిపాలగును.

కావున పిల్లను వదలుటకు రెండు వారముల ముందే నారుకుంటలో పశువుల పేడ వేయవలెను. తరువాత 50 లీటర్ల నీటిని సన్నని జాలిగుడ్డలో వడగట్టి చూడుడు. 1 నుండి 2 మిల్లీలీటర్ల జీవులు దిగినచో మేత సిద్ధమైనట్లే. పురుగులు ఎర్రబారినచో నీటిలో ప్రాణవాయువు తగ్గినదని గ్రహించి, పేడ వేయుట ఆపి, కొంత క్రొత్తనీరు పెట్టుడు.

ఇవి పైరును తిను పురుగులు కావు. వీనిపై మందు చల్లరాదు. పురుగుమందుల విషమును పరీక్షించుటకు ప్రపంచమంతటను డాఫ్నియానే వాడుదురు, అంత సుకుమారమైనది. మందు చల్లిన వరిమడి నీటిని కుంటలోనికి వదలినచో ముందు మేత చచ్చును, పిదప చేపపిల్ల చచ్చును. గట్టు తెంపుటకు ముందు ఈ మాట తలచుడు.